నర బహదూర్ కూతురి కాలేజీ ఫీజు

రాసుకో అమ్మీ. నాను సెప్పింది సెప్పినట్టే రాయి, నునుపు సెయ్యకు. నాకు సంతకం తప్ప రాత రాదు. కాలేజీల్లో అటెండర్లుగా కొత్తగా సేరిన పిల్లలకి నాలుగు మాటలు సెప్పమన్నారు, సెప్తన్నాను. జీతం ఎప్పుడు పెరిగింది, పర్మినెంటు ఎప్పుడైంది, అయ్యేవీ సెప్పను. అయి మీకూ వస్తాయి, నేకపోతే రావు. ఎవరూ సెప్పని సంగతి ఒకటున్నాది. అది సెప్తాను.

కాలేజీ పేరు అడక్కండి. ఆ పెద్దోలు ఇంకా అక్కడే కూకునున్నారు, నాను ఇంకా ఈ పక్కలే బతకాల.

తలుపు కాడ పని

మా ఆయన ఆ కాలేజీలోనే అటెండరు. ఆయన పోనాక ఆ ఉద్యోగం నాకిచ్చినారు. అటెండరంటే గంట కొట్టడం, ఫైళ్ళు మొయ్యడం, టీలు తేవడం అనుకుని ఎల్లినాను. అయన్నీ ఉన్నాయి, కాదనను. కానీ అసలు పని అది కాదు. ప్రిన్సిపాలు గది తలుపు కాడ నిలబడతావు సూడు, అదీ పని. లోపలికెల్లడానికి బయపడి వరండాలో అటూ ఇటూ తిరిగే పిల్ల ముందు నీ మొకం సూస్తాది. నీ మొకాన్ని బట్టి లోపలికెల్లాలా, ఇంటికెల్లిపోవాలా అని తేల్సుకుంటాది. సదువు మానీసినోల్లో సగం మంది ఆ వరండా నుంచే తిరిగెల్లిపోనారని నా లెక్క.

తొలీత ఒక ప్రిన్సిపాలమ్మ ఉండీది. ఆవిడ నాతో అంది: "పైడమ్మా, కార్లో వచ్చినవాళ్ళని ఆపు. కాళ్ళకి దుమ్ముతో వచ్చినవాళ్ళని పంపు." అంతే, ఆ ఉద్యోగానికి కావలసిన సదువు నాకు ఆ ఒక్క ముక్కలో వచ్చీసింది. ఆవిడ ఎల్లిపోనాక వచ్చినాయన ఆ మాట తిరగేసినాడు. కారు సప్పుడైతే నన్ను ఎదురెల్లమనీవోడు. పిల్లలొస్తే, "ముందు సూపర్నెంటు గారిని కలవమను" అనీవోడు. సూపర్నెంటు అంటే ఆఫీసులో పెద్ద గుమస్తా. ఆయన కాడికెల్లిన పిల్ల మళ్ళీ ప్రిన్సిపాలు కాడికి రాదు. ఏడుసుకుంటా బస్సెక్కీస్తాది. ఇద్దరూ కలిసి అలగ నడిపినారు.

ఆ గుంటని ఎవరివమ్మా అంటే

కమల ఆల అయాంలోనే వచ్చింది. నరసన్నపేట బజారులో గూర్ఖా కూతురు. ఆ బజారోలకి ఆల నాన్న తెల్సు. రాత్రుళ్ళు ఈల ఏసుకుంటా, కర్ర కొట్టుకుంటా తిరుగుతాడు, ఒకటో తారీకున షాపు షాపుకీ ఎల్లి ఇచ్చినంత పట్టుకుంటాడు. అందరూ గూర్ఖా అనీ, బహదూర్ అనీ పిలుస్తారు. అసలు పేరు నర బహదూర్. తల్లి నూడుల్సు బండి పెడతాది.

ఆలది నేపాలు. ఈ గుంట పుట్టింది మాత్రం ఇక్కడ సర్కారు ఆసుపత్రిలో. పోలియో సుక్కలు ఇక్కడే ఏసినారు, అఆలు ఇక్కడే దిద్దింది, బడిలో జెండా పండక్కి దేశబక్తి పాట పాడి గ్లాసు పట్టుకొచ్చింది. "నేపాలు ఎప్పుడైనా ఎల్లినావేటే?" అని అడిగితే, "సిన్నప్పుడొకసారి పెద్దమ్మా. సలి తప్ప ఏటీ గురుతునేదు" అంది.

ఇంటర్లో మంచి మార్కులొచ్చినాయి. మా కాలేజీలో లెక్కలూ కంప్యూటరూ కలిసిన డిగ్రీలో సీటొచ్చింది. అది ఫీజు ఎక్కువ కోర్సు. మిగతా పిల్లలకి సర్కారోలు కడతారు, ఈ గుంటకి కట్టరంట. కులం సర్టిఫికెట్ నేదు, బియ్యం కార్డు నేదు. ఆధార్ ఉన్నాది గానీ, ఆధారుంటే ఈ దేశపోలు అయిపోరంట. పుట్టినా అవ్వరంట. సరే, సర్కారు డబ్బు సర్కారు పిల్లలకే అన్నారు, ఆ మాటకి నాను కొట్టాటకి పోను. కట్టొద్దు. కానీ ఆ పైన సేసింది ఏటో ఇనండి.

ఫీజు ఎంతో కనుక్కోడానికి కమల సూపర్నెంటు కాడికొచ్చింది. నాను టీ ఎట్టుకుని అక్కడే ఉన్నాను.

"మీ నాన్న నేపాల్ పౌరుడు. అంటే నువ్వు విదేశీ విద్యార్థినివి. విదేశీ విద్యార్థులకి ఫీజు వేరే ఉంటుంది" అన్నాడాయన.

ఆ ఫీజు మామూలు ఫీజుకి మూడు రెట్లు. ఇమానాల్లో వచ్చీ పిల్లల కోసం పెట్టిన రేటది. మా కాలేజీకి అలటోడు ఒక్కడూ ఎప్పుడూ రానేదు.

"సార్, నాను నరసన్నపేట నుంచి వస్తన్నాను" అంది గుంట.

"ఎక్కణ్ణుంచి వస్తున్నావని కాదమ్మా. ఎవరివి అని."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏటి బావూ, ఇదేశపోడి కూతురు బస్సు పాసు మీద వస్తాదేటి?" అన్నాను.

"పైడమ్మా, గంట కొట్టే టైమైంది చూడు" అన్నాడు.

టైమవనేదు.

ప్రిన్సిపాలు కాడికి నానే తీసుకెల్లినాను. ఆయన ఫైలు మీంచి తలెత్తకండా, "రూల్ అమ్మా, నేనేం చేయను" అన్నాడు. ఆ రూలు ఎక్కడ రాసుందో సూపించమని గుంట అడిగింది, మెల్లగానే అడిగింది. "ఆఫీసులో అడుగు" అన్నాడు. ఆఫీసులో, "సార్ చెప్పారుగా" అన్నారు. అలగ ఇద్దరూ ఆ గుంటని బంతిలాగ అటూ ఇటూ తన్నుకున్నారు. ముందు కొంత కట్టి సేరమన్నారు, సంవత్సరం ఆకరికి మిగిలింది కట్టకపోతే పరీక్ష హాలు టిక్కెట్టు ఇవ్వం అన్నారు. నూడుల్సు బండి తాకట్టెట్టి ఆ కొంత కట్టినారు.

మన కార్డులో రాసీద్దుం

ఇక్కడ కూర్మారావు గారి సంగతి సెప్పాల. బజారులో పెద్ద బట్టల షాపు ఆయనది. నర బహదూర్ ఆ షాపు మెట్ల మీదే కూకుని తెల్లారగడతాడు. బజారోలు కొందరు సేరి పేద పిల్లల సదువులకని ఒక నిధి పెట్టుకున్నారు, దానికీ ఈయనే పెద్ద. మంచోడు కాదని నాను అనను. మంచోడే. నా కోపం అంతా అక్కడే ఉన్నాది.

నాను, కమల, ఆల నాన్న ఆయన కాడికెల్లినాం. ఇన్నాడు. నన్ను అప్పా అంటాడు, అక్కా అని. "ఓస్, ఇంతేనేటి అప్పా! మన గుంటే కదా. మా మేనకోడలికి పిల్లల్లేరు, ఆల కార్డులో ఎక్కించీద్దుం. కార్డొస్తే కులం వస్తాది, కులమొస్తే సర్కారే కట్టుకుంటాది. నాను సూసుకుంటాను" అన్నాడు.

మా పక్కల ఇది తప్పు కాదు, పున్నెం. సాలూరు లారీల మీద తిరిగినోడు ఎక్కడో రోడ్డు మీద సచ్చిపోతే, ఆడి పిల్లల్ని పక్కింటోలు తమ కార్డులో రాసుకుంటారు. బియ్యం వస్తాయి, పిల్లలు బతుకుతారు. ఎవుడూ కాదనడు. మనసులో ప్రేముంటే కాగితం ఎలగ రాసినా పరవానేదని మనోల నమ్మకం. నాకూ అప్పుడు బాగున్నాదే అనిపించింది. సూపర్నెంటుకి సెప్తే ఆయనా, "అలా అయితే నాకేం అభ్యంతరం లేదు" అని నవ్వినాడు. రూలు రూలన్నోడే, అబద్దానికి మాత్రం అడ్డు సెప్పనేదు. సూసినారా ఎవ్వారం!

నర బహదూర్ మాత్రం కర్ర ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూకున్నాడు. కూర్మారావు గారు, "ఏటి బహదూర్, కుసీయేనా?" అన్నాడు.

ఆయన తెలుగు ముక్కలు ముక్కలుగా ఉంటాది. "సాబ్, నాన్న పేరు ఏం రాస్తారు?" అన్నాడు.

"మా అల్లుడి పేరు రాస్తాం. కాగితంలోనేరా బాబూ. ఇంట్లో నువ్వే కదా నాన్నవి."

"సాబ్, షాపు మీది. రాత్రి అంతా నేను చూస్తాను. పొద్దున మీకు ఇస్తాను. ఎప్పుడైనా నాది అన్నానా?"

"నేదు."

"నా పిల్లని మీరు మీది అని ఎందుకు రాస్తారు?"

కూర్మారావు గారి మొకం మాడిపోయింది. "ఓరి నీ ఎర్రితనం దొంగలెత్తుకెల్లా! నీ మంచికేరా సెప్పింది. అప్పా, నువ్వైనా సెప్పు ఈడికి" అని నా ఏపు తిరిగినాడు.

నాను కమల మొకం సూసినాను. అది ఆల నాన్న పక్కన మెట్టు మీద కూకుండిపోయింది. "వద్దు బావూ. పదో క్లాసు సర్టిఫికెట్ మీద ఈయన పేరే ఉన్నాది. ఇంటరు మీదా ఉన్నాది. డిగ్రీ మీదా అదే ఉండాల. ఫీజు కట్టలేకపోతే మానీస్తాను గానీ, ఈయన్ని మార్సను" అంది.

కుదిరిన సంబందం తప్పిపోనట్టు సూసినాడాయన. ఇచ్చింది పుచ్చుకోపోతే మనోలకి కోపం వస్తాది. ఆ పుచ్చుకునీవోడు ఏటి ఒదులుకోవాలో మాత్రం ఎవుడూ ఆలోసించడు. తండ్రిని ఒదిలితేగానీ సదువు నేదంటే, ఆ సదువు నేర్పీది ఏటి?

యూనివర్సిటీకి ఎల్లినాం

నాకు తోసింది ఒకటే. కాలేజీ మీద పెద్ద ఎవరు? యూనివర్సిటీ. అక్కడా ఒక తలుపుంటాది, ఆ తలుపు కాడ నాలాటిదే ఒకతి ఉంటాది. సెలవెట్టి కమలని తీసుకుని బస్సెక్కినాను. తోవలో కమల, "ఆలూ రూలంటే పెద్దమ్మా?" అంది. "అంటే కాగితం సూపించమందుం. నీకు సదవడం వచ్చు కదా" అన్నాను.

ఎల్లేసరికి అక్కడి ఆయమ్మ నన్ను సూసి, "ఏ కాలేజీ అప్పా?" అంది. అటెండర్లం ఒకరినొకరం సీర కట్టు సూసి పోల్చీసుకుంటాం. లోపల ఒక సిన్న ఆఫీసరుకి కమలే సంగతంతా సెప్పింది, మార్కులు సూపించింది, ఫీజు రసీదు ఇచ్చింది.

ఆయన రసీదు సూసి, "ఎవరమ్మా ఈ రేటు వేసింది?" అన్నాడు.

"మా సారు" అన్నాను.

"నేపాల్ వాళ్ళయినా ఇక్కడే చదువుకున్న పిల్లలకి మన పిల్లల ఫీజే తీసుకోమని ఎప్పుడో చెప్పాం కదా. సందేహం ఉంటే ఫోన్ చెయ్యాల్సింది."

ఫోను! ఒక్క ఫోను! ఇద్దరు పెద్దమనుసులు, ఇద్దరి బల్లల మీదా ఫోన్లున్నాయి. ఇంట్లో కూర ఏటో కనుక్కోడానికి ఆ ఫోనే, కోడలికి ఏ నెలో కనుక్కోడానికి ఆ ఫోనే. ఈ గుంట కోసం ఎత్తనేదు. తెలీక సేసిన తప్పంటే ఒగ్గీద్దును. తెలీనప్పుడు అడగాలని తెలీదా? ఆల పిల్లలకైతే అడగరా? నూడుల్సు బండి తాకట్టులోకి ఎల్లిపోయింది ఆ ఎత్తని ఫోనుకి.

ఆ ఆఫీసరు మా ముందే ప్రిన్సిపాలుకి ఫోను సేసినాడు. మర్నాడు నాను డ్యూటీకెల్లేసరికి సూపర్నెంటు, "పైడమ్మా, పెద్దదానివైపోయావే. యూనివర్సిటీలకి వెళ్తున్నావు" అన్నాడు. ఎక్కువ తీసుకున్నది తిరిగిచ్చీమంటే, వచ్చే టెరముకి జమ సేస్తామన్నారు. తప్పయిపోయిందని మాత్రం ఆ నోళ్ళంట రానేదు. నన్ను ఆ తలుపు కాడినుంచి తీసి లైబ్రరీలో దుమ్ము దులపమన్నారు. దులిపినాను. కమల లైబ్రరీకే వచ్చీది.

సబలో మైకు

ఇదేశీ రేటు పోయింది గానీ మామూలు ఫీజుంది కదా. అదీ ఆలకి బరువే. కమలే మళ్ళీ ఎల్లి కూర్మారావు గారిని అడిగింది: "బావూ, కార్డొద్దు. మీ నిధిలోంచి ఇస్తారా? అది సర్కారు డబ్బు కాదు కదా." ఆయనకి ఆ సూటిదనం నచ్చింది. "డిగ్రీ అయ్యీవరకూ ఏటేటా మాదే" అన్నాడు. నాను ముందే సెప్పినాను, మంచోడేనని.

కల్యాణ మండపంలో సబ పెట్టినారు. పూలదండలు, సాలువాలు, పొటోలు. డబ్బు పుచ్చుకునే పిల్లలంతా వరసగా నిలబడాల, ఇచ్చీవోల పేర్లు మైకులో సదువుతారు. ఇచ్చీదాని కన్నా పొటోకి అయ్యీ కర్సే ఎక్కువలాగుంది. నాను ఎనకాల కుర్చీలో కూకున్నాను. నర బహదూర్ బయట మోటారు సైకిళ్ళ కాడ కాపలా ఉన్నాడు. ఆ రోజూ కాపలాయే! కూతురికి బహుమతి ఇస్తంటే తండ్రిని బళ్ళ కాడ నిలబెట్టినారు, అది తప్పని ఒక్కడికీ తోసనేదు.

మైకాయన మిగతా పిల్లలకి తల్లీ తండ్రీ పేర్లు సదివినాడు. కమల వంతు వచ్చేసరికి, "మన ఊరి ఆడపడుచు, మన బంగారుతల్లి కమల" అన్నాడు. అంతే. అందరూ సప్పట్లు కొట్టినారు. కమల డబ్బు కవరు తీసుకుంది, దండం పెట్టింది, దిగకండా మైకు కాడికెల్లింది.

"మా నాన్న పేరు సదవనేదు. నర బహదూర్. మాది నేపాలు. మీ షాపులు కాపలా కాసీది ఆయనే. బయట బళ్ళ కాడున్నాడు. ఒక్కసారి లోపలికి పిలవండి" అంది.

ఎవరో ముసలాయన, "పిలవండర్రా, పిలవండి" అన్నాడు. కుర్రాళ్ళు పరిగెత్తినారు. ఆయన రానన్నాడంట: "బళ్ళు ఎవరు చూస్తారు?" అన్నాడంట. ఆకరికి గుమ్మం దాకా వచ్చి, కర్ర పట్టుకునే నిలబడి కూతుర్ని సూసినాడు. లోపలికి అడుగెయ్యనేదు. సగం మంది సప్పట్లు కొట్టినారు. సగం మంది కూర్మారావు గారి మొకం సూసినారు.

బోజనాల కాడ ఆయన కమలతో, "అదంతా ఇప్పుడు సెప్పాలేటమ్మా? అందరూ మన గుంటే అనుకుంటన్నారు కదా" అన్నాడు. ఆయన బాద ఆయనది. పరాయిదానికి ఇచ్చినావేటని తోటి యాపారస్తులు ఆయన్ని అడుగుతారు. అడిగినారు కూడా.

మరుసటేడు నిధిలో కమల పేరు నేదు. నాను ఎల్లి అడిగితే, "ఈ ఏడు మన పిల్లలే ఎక్కువైపోనారప్పా" అన్నాడు, బట్ట కొలుస్తా.

"మన పిల్లలంటే ఎవరు బావూ? పోనేడు మైకులో మన ఊరి ఆడపడుచని అనిపించింది మీరే కదా?"

"అప్పుడు ఆ గుంటే కాదంది కదా."

"కాదననేదు. తండ్రి పేరు సెప్పింది."

ఆయన బట్ట సింపీసినాడు, సర్రుమని.

తరవాత

కమల మాననేదు. బజారోల పిల్లలకి లెక్కల టూషన్లు మొదలెట్టింది. దండిగా వచ్చినారు. కూర్మారావు గారి మనవడూ వచ్చినాడు, తాతే తీసుకొచ్చి దింపినాడు. దానం అడిగినప్పుడు పరాయిది, లెక్కలు కావలసినప్పుడు మన గుంట. నాను ఆ మాట ఆయన మొకాన్నే అన్నాను. "ఊరుకో అప్పా" అన్నాడు, సిగ్గు పడ్డాడు కూడా. సిగ్గుంది కాబట్టే ఆయన మీద ఇంకా ఆశ. ప్రిన్సిపాలు, సూపర్నెంటులకి అదీ నేదు.

టూషన్ల డబ్బుతో మిగిలిన రెండేళ్ళూ కట్టుకుంది. బండి ఇడిపించుకున్నారు. డిగ్రీ పాసైంది. కాగితం మీద తండ్రి పేరు సూపించి నాకు సదివింది. నాను ఈలోగా రిటైరైపోనాను.

కొత్తగా సేరినోలకి

ఇలటి పిల్లలు మీ తలుపు కాడికీ వస్తారు. నేపాలోలే కానక్కర్నేదు, బర్మా నుంచి వచ్చినోల పిల్లలుంటారు, ఇంకెవరో ఉంటారు. ఆలకి మీరు సెప్పాల్సింది ఇది. అబద్దం రాయొద్దని సెప్పండి, ఎంత ప్రేమగా రాస్తామన్నా సరే. సర్కారు పథకం కాడ నెలలు పోగొట్టుకోవద్దు, అది రాదు. కాలేజీలో ఫీజు తగ్గించీ అదికారం ఎవరికున్నాదో అడగమనండి, రూలంటే కాగితం అడగమనండి, ఇక్కడ కాదంటే పై ఆఫీసుకి ఎల్లమనండి. దేశం సూడకండా ఇచ్చీ నిదులు కొన్ని ఉంటాయి, సేరకముందే ఎతకమనండి. ఆ గుంట ఒక్కతీ ఎల్లలేకపోతే మీరు ఎల్లండి. మిమ్మల్ని లైబ్రరీకి మారుస్తారు. మారితే మారండి, అక్కడ ఫ్యాను బాగుంటాది.

కమలకి టీచరు అవ్వాలని ఉంది. సర్కారు ఉద్యోగం ఆ గుంటకి రాదు, అది తెల్సే బి.ఎడ్. సదువుతానంటంది, ప్రైవేటు బడిలో సెప్పుకుంటాదంట. ఎల్లుండి ఆ బి.ఎడ్. కాలేజీకి ఎల్తన్నాం. నర బహదూర్ కూడా వస్తన్నాడు, ఇస్త్రీ సొక్కా ఏసుకుని, ఈసారి బళ్ళ కాడ నిలబడడు. ముగ్గురం లోపలికెల్తాం. ఆలు ఏటీ అడక్కముందే కమల సెప్తాది: "ఈయన మా నాన్న. మాది నేపాలు. ఫీజు ఎంతో సెప్పండి." నాను నోరెత్తను. ఆయనకి కుర్చీ ఎయ్యకపోతే, అప్పుడు ఎత్తుతాను.